పాత కార్బురేటర్ జిప్సీని ఇంజెక్షన్‌కు మార్చాలంటే ముందు ఏం చూడాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి

మీరు సాలూరు నుంచి అడిగింది ఇది: 1998 మోడల్ మారుతీ జిప్సీ కింగ్, 1.3 లీటర్ కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే పరికరం) ఇంజన్. పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తోంది. కోరాపుట్ దారిలో సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు బండి ఆగిపోతోంది. ఇ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) వచ్చాక ఈ రెండూ ఎక్కువయ్యాయి. అందుకని కార్బురేటర్ తీసేసి, కంప్యూటర్ లెక్కకట్టి ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మించే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టించేద్దామనుకుంటున్నారు, ఆన్‌లైన్‌లో అమ్మే యూనివర్సల్ కిట్ కొనొచ్చా అని అడిగారు.

విజయనగరంలో నాది మెకానిక్ షెడ్డు. ఇంజన్ పనీ, ఆటో ఎలక్ట్రికల్ పనీ రెండూ చేస్తాను, ఇలాంటి మార్పిడులు చాలా ఏళ్లుగా చేస్తున్నాను. మార్చొచ్చు. బాగా చేస్తే మీ రెండు బాధలూ తీరతాయి కూడా. కాకపోతే అందరూ కంప్యూటర్ గురించీ, ఇంజెక్టర్ల గురించీ అడుగుతారు. ఈ పనిలో తేలికైనవి అవే. ట్యాంకు, పెట్రోలు పైపులు, ఎర్త్, ఇంజన్ కూలింగ్ సరిగ్గా చూసుకోని బండి కొత్త కిట్టుతో కూడా దారిలో ఆగిపోతుంది, అప్పుడు బాగుచేసే మనిషి కూడా దగ్గర్లో దొరకడు.

ముందుగా, ఇప్పుడున్న జబ్బు కార్బురేటర్‌దేనా అన్నది తేల్చుకోండి. ఘాట్‌లో బండి ఆగడం రెండు రకాలు. గట్టి మలుపులో, ఏటవాలులో ఠక్కున ఆగి, చదునుగా ఉన్న చోటికి రాగానే వెంటనే స్టార్ట్ అయితే అది ఫ్లోట్ గిన్నె (కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే చిన్న గిన్నె) సంగతి. బండి వంగినప్పుడు గిన్నెలో పెట్రోలు ఒక పక్కకు పోయి జెట్టుకు (పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రానికి) అందదు, లేదంటే అవసరానికి మించి లోపలికి ఒలికిపోతుంది. కొండల్లో తిరిగే జిప్సీలకు ఇది పుట్టుకతో వచ్చిన లోపం, దీనికి ఇంజెక్షన్ నిజంగానే మంచి మందు.

రెండో రకం వేరు. కొంతదూరం ఎక్కాక మెల్లగా పికప్ తగ్గి, ఆగి, పావుగంట చల్లారితే గానీ స్టార్ట్ కాకపోవడం. అది పెట్రోలు పైపులోనే ఆవిరైపోవడం వల్ల కావచ్చు. మెకానికల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది, సెకండ్ గేరులో ఎండలో ఎక్కుతున్నప్పుడు ఆ వేడంతా పంపుకు తగులుతుంది. కార్బురేటర్ దగ్గర్నుంచి ట్యాంకుకు తిరిగి వెళ్లే సన్న పైపు ఉంటుంది, దాన్ని విప్పి ఊది చూడండి. చాలా పాత బండ్లలో అది మూసుకుపోయి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. అది తెరుచుకుంటే పెట్రోలు తిరుగుతూ ఉంటుంది కాబట్టి అంత వేడెక్కదు. ఇగ్నిషన్ కాయిల్ వేడికి బలహీనపడినా సరిగ్గా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఆగిన చోటే ప్లగ్ వైరు తీసి స్పార్క్ చూడండి. స్పార్క్ ఎర్రగా, సన్నగా ఉంటే ఇంజెక్షన్ పెట్టినా ఆ బండి అక్కడే ఆగుతుంది.

ఇ20 గురించి మీరు గమనించింది నిజం. మామూలు పెట్రోలు ఒక వంతు పూర్తిగా మండడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి 20 శాతం కలిపిన పెట్రోలుకు సుమారు 13.5 వంతులు చాలు. కార్బురేటర్ జెట్టు రంధ్రం మాత్రం 1998లో ఎంత ఉందో ఇప్పుడూ అంతే. అంటే గాలి ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజన్‌కు చిక్కటి మిశ్రమం కావాలి, మీకు స్టార్టింగ్ ట్రబుల్ పెరగడానికి ఇదొక కారణం. ఇంకోపక్క మీరు కోరాపుట్ వెళ్తే అక్కడ ఎత్తు సుమారు 870 మీటర్లు, గాలి పీడనం దాదాపు పదో వంతు తగ్గుతుంది, కార్బురేటర్ అక్కడ మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. సాలూరులో పలచన, కోరాపుట్‌లో చిక్కన. ఒకే జెట్టుతో రెండు ఊళ్లకూ సరిపెట్టడం ఎంత మంచి మెకానిక్‌కైనా కుదరని పని. గాలి పీడనాన్నీ, ఉష్ణోగ్రతనూ కొలిచి, సైలెన్సర్ పైపులో మిగిలిన ఆక్సిజన్‌ను కూడా చూసి పెట్రోలు పోసే పద్ధతి ఇక్కడే పనికొస్తుంది. మీ దారికి ఇంజెక్షన్ అవసరమేనని నేను ఒప్పుకోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఇథనాల్ మరో పని చేస్తుంది. పాత రబ్బరును మెత్తబరుస్తుంది, ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న జిగురునూ తుప్పునూ కదిలించి ఫిల్టరుకు పంపుతుంది. మార్పిడి చేసినా చేయకపోయినా ఇథనాల్‌కు తట్టుకునే పైపులూ, పంపు డయాఫ్రమ్, నీడిల్ వాల్వ్ ఈ వారమే మార్చేయండి.

ఇక ఇంజన్ ఆరోగ్యం. కంప్రెషన్ (సిలిండరు లోపల పుట్టే ఒత్తిడి) కొలిపించండి. నాలుగు సిలిండర్లలో ఒకదానికీ ఇంకోదానికీ 1 బార్ కంటే ఎక్కువ తేడా ఉంటే ముందు ఇంజన్ పని, తర్వాతే ఇంజెక్షన్. తర్వాత టప్పెట్లు (వాల్వుల సందు) సెట్ చేసి, ఇంజన్ గాలి పీల్చే బలాన్ని కొలిచే వ్యాక్యూమ్ గేజ్ పెట్టించండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ స్లో మీద (యాక్సిలరేటర్ తొక్కకుండా) 17 నుంచి 21 అంగుళాల పాదరసం దగ్గర ముల్లు కదలకుండా చూపిస్తుంది. ఈ పరీక్ష ఎందుకంటే, మార్చాక మీ కంప్యూటర్ మానిఫోల్డ్‌లోని (సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టంలోని) ఈ వ్యాక్యూమ్‌ను చూసే ఎంత పెట్రోలు పోయాలో నిర్ణయిస్తుంది. ప్యాకింగ్ దగ్గర గాలి లీకవుతున్నా, వాల్వులు సరిగ్గా కూర్చోకపోయినా వ్యాక్యూమ్ తగ్గుతుంది. ఇంజన్ మీద లోడు పడిందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. అరిగిన ఇంజన్‌కు కార్బురేటర్ ఎలాగో సర్దుకుపోతుంది, ఇంజెక్షన్ సర్దుకోదు.

ఇప్పుడు అందరూ దాటేసే సంగతి, థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు. మన వైపు ఎండలకు బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వు పీకేసి బండి ఇచ్చేయడం ఎప్పట్నుంచో అలవాటు. నా దగ్గరికి వచ్చే పాత మారుతీల్లో అది లేని బండ్లే ఎక్కువ. కార్బురేటర్ బండికి దానివల్ల మైలేజీ కాస్త తగ్గడం, ఇంజన్ త్వరగా అరగడం తప్ప వెంటనే ఏమీ కనబడదు. ఇంజెక్షన్ బండిలో చోక్ పని చేసేది కూలెంట్ టెంపరేచర్ సెన్సార్. ఇంజన్ ఎప్పటికీ 80 డిగ్రీలకు చేరకపోతే కంప్యూటర్ ఇంకా పొద్దున్నే అనుకుంటుంది, రోజంతా చోక్ లాగి ఉంచినట్టు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ప్లగ్గులు నల్లబడతాయి, పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేస్తుంది. కాబట్టి కొత్త థర్మోస్టాట్ వేయించండి, రేడియేటర్ శుభ్రం చేయించండి, నీళ్లు కాకుండా కూలెంట్ పోయించండి. రేడియేటర్ బాగుంటే థర్మోస్టాట్ ఉన్నా ఘాట్‌లో వేడెక్కదు. వేడెక్కుతోందంటే జబ్బు రేడియేటర్‌లో ఉందన్నమాట.

ఏ పద్ధతిలో మార్చాలన్న ప్రశ్నకు నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీకు మూడు దారులున్నాయి. ఒకటి, కార్బురేటర్ ఉన్న చోటే కూర్చునే థ్రాటిల్ బాడీ, దానిలోనే ఇంజెక్టర్. యూనివర్సల్ కిట్లలో చాలావరకు ఇవే. పాత మానిఫోల్డే ఉంటుంది, బిగించడం తేలిక. రెండు, మీ 8 వాల్వుల హెడ్‌కు మానిఫోల్డ్ చేయించి, ఒక్కో సిలిండరుకూ ఒక్కో ఇంజెక్టర్ పెట్టి, మనమే ట్యూన్ చేసుకునే కంప్యూటర్ వాడడం. మెగాస్క్వర్ట్, స్పీడువినో ఇలాంటివే. నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు ఇది చాలా తృప్తినిచ్చే దారి. మూడు, జిప్సీకే కంపెనీ 2000 నుంచి ఇచ్చిన 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండరుకూ ఒక్కో ఇంజెక్టర్ ఉండే) ఇంజన్‌ను వైరింగ్, కంప్యూటర్, సెన్సార్లు, ట్యాంకు, పంపుతో సహా మొత్తంగా తెచ్చి పెట్టడం. దాని మానిఫోల్డ్ ఒక్కటే తెచ్చి మీ హెడ్‌కు బిగిద్దామంటే కుదరదు, పోర్టులే (హెడ్‌లోకి గాలి వెళ్లే దారులే) వేరు.

మీరుండే చోటికి, మీరు తిరిగే దారికి మూడోదే నా ఓటు. కారణం పనితనం కాదు, రిపేరు. రాత్రి పొట్టంగి దగ్గర బండి ఆగితే సాలూరు నుంచో, రామభద్రపురం నుంచో వచ్చే మెకానిక్‌కు మారుతీ ఎంపీఎఫ్ఐ వైరింగ్ తెలుసు. ఇంజన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ లేదా క్యామ్ సెన్సార్ పోతే పార్వతీపురంలోనో విజయనగరంలోనో దొరికే అవకాశం ఉంది, స్కానర్ పెడితే ఏ సెన్సార్ పోయిందో చూపిస్తుంది. సాలూరు అంటేనే లారీల ఊరు, అక్కడ చేయి తిరిగిన మెకానిక్‌లకు కొదవ లేదు. కానీ ఎంత మంచి మెకానిక్ అయినా ఎవరో ఇంకో ఊళ్లో రాసిన మ్యాపుతో (ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టికతో) నడిచే కంప్యూటర్ పెట్టెను రోడ్డు పక్కన ఏం చేయగలడు? ఆ పెట్టె పాస్‌వర్డు కూడా మీ దగ్గర ఉండదు. యూనివర్సల్ కిట్ కొనాలనే ఉంటే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్, మ్యాపు ఫైలు, వైరింగ్ డయాగ్రమ్ మూడూ మీ చేతికి ఇస్తేనే కొనండి.

విశాఖ, విజయవాడ ఆటోనగర్లలో సెకండ్ హ్యాండ్ సెట్టు వెతికేటప్పుడు వైర్లు కోసేసిన హార్నెస్ (వైరింగ్ కట్ట) తీసుకోవద్దు. కనెక్టర్లన్నీ ఉండాలి. కంప్యూటర్ మీది నంబరు ఆ ఇంజన్‌కు సరిపోయేదేనా అడగండి. మూత విప్పి బోర్డు మీద పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. కళింగపట్నం, భీమిలి లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండి సామానైతే ఉప్పుగాలికి పిన్నులు తినేసి ఉంటాయి.

ఇక పెట్రోలు వైపు. ఇక్కడ ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోవాలని చూడకండి, ఎందుకంటే ఇది మంటలతో వ్యవహారం. మీ మెకానికల్ పంపు ఇచ్చే ఒత్తిడి 0.2 నుంచి 0.4 బార్. ఒక్కో సిలిండరుకూ ఒక్కో ఇంజెక్టర్ ఉండే పోర్ట్ ఇంజెక్షన్‌కు సుమారు 3 బార్ కావాలి, అంటే దాదాపు పది రెట్లు. కార్బురేటర్ రోజుల పైపు ఆ ఒత్తిడికి చెమరుస్తుంది, ఒకరోజు పగులుతుంది, సన్నటి తుంపర వేడి సైలెన్సర్ మీద పడుతుంది. అందుకని ఇంజెక్షన్‌కని ముద్ర ఉన్న పైపే వాడాలి. ఎస్ఏఈ జే30 ఆర్9 అని పైపు మీద రాసి ఉంటుంది. ఆర్7 అని ఉంటే అది కార్బురేటర్ పైపు. మరమేకులా తిరిగే మామూలు క్లిప్పు రబ్బరును కోసేస్తుంది, అంచులు మడిచిన ఇంజెక్షన్ క్లాంపులు వేయించండి. వీలున్నంత దూరం ఇనుప పైపు, కదిలే చోట మాత్రమే రబ్బరు.

ఇంకో తేడా ఉంది. మెకానికల్ పంపు ఇంజన్ ఆగితే ఆగిపోతుంది. కరెంటు పంపు తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ కొడుతూనే ఉంటుంది. బండి బోల్తా పడి పైపు తెగితే ఏమవుతుందో ఆలోచించండి. అందుకే పంపు కరెంటు తాళం నుంచి నేరుగా ఇవ్వకూడదు. కంప్యూటర్ నడిపే రిలే ద్వారానే ఇవ్వాలి. తాళం వేయగానే ఒకటి రెండు సెకన్లు కొట్టి ఆగాలి, ఇంజన్ తిరుగుతున్నట్టు సిగ్నల్ వచ్చినప్పుడే మళ్లీ నడవాలి. దానికి తోడు గుద్దుకున్నప్పుడు కరెంటు కట్ చేసే ఇనర్షియా స్విచ్ కూడా పెట్టించండి. పని అయ్యాక బండి స్టార్ట్‌లో ఉండగా ఆ సిగ్నల్ ఇచ్చే సెన్సార్ కనెక్టర్ పీకి చూడండి. ఇంజన్ ఆగడంతో పాటు పంపు శబ్దం కూడా ఆగాలి. ఆగకపోతే ఆ బండిని షెడ్డు దాటనివ్వకండి.

పంపు ట్యాంకు లోపల ఉండడమే మంచిది. పెట్రోలులో మునిగి ఉంటుంది కాబట్టి చల్లగా ఉంటుంది, మీరు పడుతున్న ఆవిరి బాధ తప్పుతుంది. పాత ట్యాంకు కింద బయట పంపు బిగిస్తే, ట్యాంకు పావు వంతు ఉన్నప్పుడు ఘాట్ మలుపులో పెట్రోలు పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది, ఇంజన్ వెంటనే ఎగిరెగిరి పడుతుంది. తప్పనిసరై పాత ట్యాంకే వాడాల్సి వస్తే మధ్యలో లీటరో, ఒకటిన్నర లీటరో పట్టే చిన్న ట్యాంకు పెట్టి, పాత తక్కువ ఒత్తిడి పంపుతో దాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచి, పెద్ద పంపును అందులోంచి లాగించాలి. ట్యాంకు లోపల తుప్పు ఉంటే కడిగించడం కాదు, మార్చడమే. ఇంజెక్టర్ కొన రంధ్రాలు కంటికి కనిపించనంత సన్నగా ఉంటాయి.

కరెంటు వైపుకు వస్తే, పంపు, ఇంజెక్టర్లు, ఆక్సిజన్ సెన్సార్ హీటర్, కంప్యూటర్ కలిపి కార్బురేటర్ రోజుల్లో లేని లోడు. పంపు ఒక్కటే 4 నుంచి 6 ఆంపియర్లు లాగుతుంది. హెడ్‌లైట్లు, వైపర్, ఫ్యాను వేసి స్లో మీద ఉంచి బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి. 13.5 కంటే తగ్గుతోందంటే డైనమో చూడాలి. ఎర్త్ పరీక్ష కూడా తేలికే. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొన ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ కేబుల్ మార్చాలి. కంప్యూటర్ ఎర్త్ బాడీకి కాదు, ఇంజన్ బ్లాకుకు. సెన్సార్ల ఎర్త్ కంప్యూటర్‌కే తిరిగి వెళ్లాలి, మధ్యలో ఎక్కడా బాడీకి తగలకూడదు. ఈ ఒక్క తప్పు వల్ల స్లో ఎగుడుదిగుడుగా ఉన్న బండ్లకు మూడేసి కంప్యూటర్లు మార్చి చూసినవాళ్లున్నారు. ప్లగ్ వైర్లు సప్రెషన్ రకం, ప్లగ్గులు రెసిస్టర్ రకం ఉండాలి. లేకపోతే స్పార్క్ వల్ల పుట్టే విద్యుత్ అలజడి సెన్సార్ సిగ్నల్‌లోకి చొరబడుతుంది.

రెండో దారిలో వెళ్లేవాళ్ల కోసం ఇంజెక్టర్ సైజు లెక్క: ఒక హార్స్‌పవర్‌కు నిమిషానికి సుమారు 5.25 సీసీ పెట్రోలు. 60 హార్స్‌పవర్‌కు 315 సీసీ. నాలుగు ఇంజెక్టర్లకు పంచితే దాదాపు 79, ఇంజెక్టర్ 80 శాతం కంటే ఎక్కువసేపు తెరిచి ఉండకూడదు కాబట్టి సుమారు 100 సీసీ. ఇ20కి ఇంకో పది శాతం కలుపుకోండి. పెద్దవి కొంటే మంచిదని 300 సీసీవి తెస్తే స్లో మీద అంత సన్నగా పోయడం వాటికి చేతకాదు. ట్యూనింగ్‌కు వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ (మిశ్రమం ఎంత పలచనో, ఎంత చిక్కనో అంకెల్లో చూపేది) తప్పనిసరి. దానికి పైన సైలెన్సర్ పైపులో ఎక్కడా లీకు ఉండకూడదు, లీకుంటే బయటి గాలి లోపలికి పోయి మిశ్రమం పలచగా ఉన్నట్టు చూపిస్తుంది. మన పెట్రోలుతో 14.7 అంకె పట్టుకుని కూర్చోకుండా ల్యామ్డా (కావాల్సిన గాలికి, ఉన్న గాలి ఎన్ని వంతులో చెప్పే అంకె) చూసి ట్యూన్ చేయండి: మామూలు పరుగులో 1, ఫుల్ లోడ్‌లో 0.85 నుంచి 0.88. ఎత్తు ఎక్కేటప్పటి ట్యూనింగ్‌కు సుంకి ఘాట్ కంటే మంచి చోటు లేదు, కాకపోతే తెల్లవారుజామున, ల్యాప్‌టాప్ పక్క సీటులో ఇంకొకరి చేతిలో ఉండాలి. నడిపేవారు తెర వైపు చూడకూడదు.

ఏం ఆశించాలో కూడా చెప్పాలి. జిప్సీ కార్బురేటర్ ఇంజన్ 60, ఎంపీఎఫ్ఐ 80 హార్స్‌పవర్ అని చూసి ఆ ఇరవై ఇంజెక్షన్ వల్లే వచ్చిందనుకుంటారు. చాలావరకు అది 16 వాల్వుల హెడ్ వల్ల వచ్చింది. మీ 8 వాల్వుల ఇంజన్‌కే ఇంజెక్షన్ పెడితే పవర్ అంతగా పెరగదు. ఒక్క సెల్ఫ్‌కు స్టార్ట్ అవడం, ఘాట్‌లో ఆగకపోవడం, ఎత్తులో పొగ రాకపోవడం, మైలేజీ ఊరికో రకంగా మారకపోవడం, ఇవీ వచ్చే లాభాలు.

కాగితాల సంగతి పని మొదలుపెట్టకముందే చూసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. ఇంజన్ మారిస్తే ఇంజన్ నంబరు మారుతుంది. మీ బండికి పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి, ప్రతి ఐదేళ్లకూ రెన్యువల్‌కు వెళ్లాలి, అక్కడ నంబరు చూస్తారు. ఆర్‌టీఓ ఆఫీసుకు ముందే వెళ్లి రాతపూర్వకంగా అనుమతి అడగండి. కొనే ఇంజన్‌కు బిల్లు, అది వచ్చిన బండి కాగితాలు లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పాలి.

నేనైతే మీ స్థానంలో ముందు రిటర్న్ పైపు, రబ్బరు సామాను, ఫ్లోట్ లెవెల్, కాయిల్, థర్మోస్టాట్ సరిచేసి ఒక నెల నడుపుతాను. ఈ ఖర్చు వృథా కాదు, థర్మోస్టాట్ పని రేపు ఇంజెక్షన్‌కూ కావాల్సిందే. ఆ తర్వాత కూడా మలుపుల్లో ఆగుతుంటే ఎంపీఎఫ్ఐ సెట్టు వెతుకుతాను. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ రీడింగులు, వ్యాక్యూమ్ ఎంత ఉందో, బండి ఆగేది మలుపులోనా లేక వేడెక్కాకా అన్నది రాయండి. వీలైతే ట్యాంకు లోపలి ఫొటో కూడా పెట్టండి. అవి చూస్తే ట్యాంకు మార్చాలో, ఉన్నదానికే చిన్న ట్యాంకు జోడించాలో చెప్తాను.